"ఇంట్లో బాగానే వచ్చింది టీచర్": స్కాలర్‌షిప్ ఆడిషన్‌లో వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

తిరుపతిలో మా ఇంటికి పాటకి వచ్చే పిల్లల్లో ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురన్నా ఏదో ఒక ఆడిషన్‌కి వెళ్తారు. కొందరు ఇక్కడే ఎస్వీ మ్యూజిక్ కాలేజీకో పద్మావతి యూనివర్సిటీకో, కొందరు చెన్నైకి, డిగ్రీలో ఉన్నోళ్ళు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే యంగ్ ఆర్టిస్ట్ స్కాలర్‌షిప్‌కి. అది 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి, నెలకి 5000 చొప్పున 2 ఏళ్ళు ఇస్తారు, ఆ శాఖ కింద ఉండే సీసీఆర్‌టీ అనే సంస్థ ద్వారా అప్లై చేసుకోవాలి. వెళ్ళొచ్చాక అందరిదీ ఒకటే మాట, "ఇంట్లో బాగానే వచ్చింది టీచర్, అక్కడే ఏమో అయిపోయింది" అని. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏందంటే అక్కడ కొత్తగా ఏమీ కాదు, ఇంట్లో సాధకంలో దాక్కుని ఉన్న తప్పే అక్కడ బయటపడుతుంది. అందుకే ఒక్కో సమస్యా, అది ఎందుకు వస్తుంది, ఏం చేస్తే పోతుంది అని రాస్తున్నా. ఎక్కువ పాట గురించే, వీణ, వయొలిన్ వాళ్ళకి కూడా కొంచెం ఉంది.

సమస్య: మొదటి లైన్ బాగుంటుంది, రెండో నిమిషానికి శృతి జారిపోతుంది

ఇంట్లో మీరు తంబూర యాప్ ఆన్ చేసి ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని పాడతారు కదా, చెవికి అడుగున్నర దూరంలో ఫుల్ వాల్యూమ్‌లో. హాల్లో అదే ఫోన్ పక్కన టేబుల్ మీద ఉంటుంది, పైన ఫ్యాన్లు, ఏసీ శబ్దం, గొంతు పెద్దది చేసేసరికి తంబూర అసలు వినపడదు. శృతి మీలో లేదు, ఫోన్‌లో ఉంది, ఫోన్ దూరమయ్యేసరికి శృతి కూడా పోయింది.

కనీసం నెల ముందు నుంచి ఫోన్‌ని గదిలో ఇంకో మూలన పెట్టి, వాల్యూమ్ సగానికి తగ్గించి పాడండి. వారానికి రెండుసార్లు ఇట్లా చేయండి: పల్లవి మొదలుపెట్టాక పక్కన ఎవరన్నా తంబూర ఆపేయాలి, మీరు అనుపల్లవి అయ్యేదాకా పాడి షడ్జమం (స) మీద నిలబడాలి, అప్పుడు మళ్ళీ ఆన్ చేసి చూసుకోవాలి. మొదటిసారి దాదాపు అందరూ కిందికి జారి ఉంటారు. మూడు వారాల్లో మారుతుంది, నేను చూశా.

ఇంకోటి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మా దగ్గర ఒక పాపకి సరిగ్గా చరణం ఎత్తుకునేటప్పుడు వాళ్ళ నాన్న "అయిపోయిందా" అని ఫోన్ చేశాడు, తంబూర ఆగి రింగ్‌టోన్ మోగింది, ఆ పాప గొంతు అక్కడే ఆగిపోయింది. సిమ్ లేని పాత ఫోన్ ఇంకొకటి ఉంటే అదే తీసుకెళ్ళండి, పాపం నాన్నలు ఆత్రం కొద్దీ ఫోన్ చేయకుండా ఉండలేరు.

సమస్య: వర్ణం రెండో కాలంలో నోరు తిరగడం లేదు, స్వరాలు మింగేస్తున్నా

వర్ణం అంటే స్వరాలూ సాహిత్యమూ కలిపి, మామూలు వేగంలో (మొదటి కాలం), దానికి రెట్టింపు వేగంలో (రెండో కాలం) పాడేది. ఇది రెండో కాలం సమస్య అనుకుంటారు, కాదు, మొదటి కాలం ఎత్తుకున్న తీరులోనే ఉంది. కంగారులో గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆ వేగాన్నే తాళం అనుకుని చెయ్యి వేసేస్తాం. వర్ణంలో తాళం మారదు, రెండో కాలంలో అదే తాళానికి స్వరాలు రెట్టింపు అవుతాయి, మరి మొదట్లో కొంచెం స్పీడ్ ఎక్కువైతే రెండో కాలంలో అది డబుల్ అయి మీ మీద పడుతుంది.

అందుకే వెనక నుంచి లెక్క చూసుకోవాలి. మెట్రోనోమ్ (టక్ టక్ మని లెక్క వేసేది) పెట్టుకుని రెండో కాలంలో చిట్టస్వరాలు (వర్ణంలో వచ్చే స్వరాల వరుస) ఎంత స్పీడ్ వరకు ప్రతి స్వరం విడివిడిగా శుభ్రంగా పలుకుతుందో చూడండి. నిమిషానికి 70 దెబ్బల దాకా బాగుండి 76 దగ్గర తడబడితే, మీ తాళం 64, 66 దగ్గర ఉండాలి, అంతకంటే ఎక్కువ వద్దు. ఆడిషన్‌లో మెట్రోనోమ్ ఉండదు కాబట్టి పాట ఎత్తుకునే ముందు రెండో కాలం చిట్టస్వరాల ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మనసులో పాడుకోండి, ఆ స్పీడ్‌కి చెయ్యి వేయడం మొదలుపెట్టి, అప్పుడు మొదటి కాలం ఎత్తుకోండి. పది సెకన్లు పడుతుంది, జడ్జీలు ఏమీ అనుకోరు, తాళం స్థిరంగా వేసుకుని మొదలుపెట్టే పిల్లల్ని చూస్తే వాళ్ళకీ నమ్మకం కలుగుతుంది.

సమస్య: కల్పన స్వరాలు పాడమంటే బ్లాంక్ అయిపోయా

కల్పన స్వరాలంటే పాటలో ఒక లైన్‌కి అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడే స్వరాలు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే స్కాలర్‌షిప్ ఎక్కువ మందికి పోయేది ఇక్కడే, పిల్లలు ఏడ్చేది కూడా దీని గురించే.

కారణం అందరికీ తెలిసిందే, చెప్పడానికే మొహమాటం. గురువుగారు నాలుగు ఆవర్తనాల స్వరం రాసిచ్చారు, పిల్లలు బట్టీ పట్టారు. జడ్జి "పల్లవికి కాదమ్మా, అనుపల్లవికి పాడు" అంటారు, అంతే, ఆ ఎత్తుగడ (తాళంలో ఆ లైన్ మొదలయ్యే చోటు) వేరు, బట్టీ పట్టింది అక్కడ అతకదు. తప్పు పిల్లలది మాత్రమే కాదు, టైం లేదని రాసిచ్చిన మా టీచర్లది కూడా ఉంది.

మోహనం తీసుకోండి, ఐదే స్వరాలు, స రి గ ప ద. ఆది తాళం, అంటే ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు (లెక్కలు). మొదటి వారం ఒకటే రూల్, ఏం పాడినా గాంధారం (గ) మీద ఆగాలి. చిన్న చిన్నవే, గ రి స రి గా, ద ప గ రి గా, ఇట్లా. రెండో వారం పంచమం (ప), మూడో వారం ధైవతం (ద). బోర్ కొడుతుంది, కొట్టనీండి, ఆ స్వరం చుట్టూ దారులు అప్పుడే తెలుస్తాయి. నాలుగో వారం నుంచి లెక్క. అక్షరానికి నాలుగు స్వరాలు అనుకుంటే ఆవర్తనానికి 32. మీ పాట సమం (తాళం మొదటి దెబ్బ) మీద మొదలైతే సమం నుంచి సమానికి 32 సరిపోతాయి. పాట అర అక్షరం తర్వాత మొదలైతే ఆ అర అక్షరం అంటే రెండు స్వరాలు, కాబట్టి సమంలో మొదలుపెడితే 34 పాడితేనే ఎత్తుగడ దగ్గరికి చేరతారు. చాలామంది 32కే ఆపి, ఆ రెండు స్వరాల ఖాళీలో ఏం చేయాలో తెలియక అడ్డదిడ్డంగా పాట అందుకుంటారు. జడ్జీలు పట్టుకునేది సరిగ్గా దాన్నే. చివర్లో ఆ రెండు స్వరాలు ఎట్లా కలపాలో ఒక నాలుగు రకాలు చేతిలో పెట్టుకుంటే చాలు, మిగతా ఆవర్తనం ఎంత సింపుల్‌గా ఉన్నా పర్వాలేదు. గొప్ప స్వరం పాడి ఎత్తుగడ తప్పడం కన్నా మామూలు స్వరం పాడి కరెక్టుగా వచ్చి దిగడం వెయ్యి రెట్లు మేలు.

సమస్య: "ఈ కీర్తన రాగం ఏది?" అంటే చెప్పింది తప్పన్నారు

ఇది మన తిరుపతి పిల్లలకి ప్రత్యేకంగా వస్తుంది, అన్నమయ్య కీర్తన లేకుండా మనం ఎక్కడికీ వెళ్ళం కదా. అన్నమయ్య కాలం 1408 నుంచి 1503. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనతో పాటు రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. అంటే ఆయన పాడిన వరుస మనకి అందలేదు, ఇప్పుడు మనం పాడేవి చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు లాంటి పెద్దలు స్వరపరిచినవి. ఒకే కీర్తనకి రెండు మూడు వరుసలు ఉంటాయి, రేకు మీద ఉన్న రాగం ఒకటి, మనం పాడే రాగం ఇంకొకటి కావచ్చు. పిల్లలు యూట్యూబ్‌లో విని ఒక వరుస నేర్చుకుని, ఫారంలో మాత్రం పుస్తకం చూసి రాగం రాస్తారు. ఫారంలో ఒకటి, గొంతులో ఒకటి.

మీరు పాడే వరుస ఎవరిదో కనుక్కుని, దాని రాగం తాళమే ఫారంలో రాయండి. అడిగితే "రాగిరేకులో ఫలానా రాగం ఉంది, నేను ఫలానా వారి వరుస పాడుతున్నా" అని చెప్పండి, ఆ ఒక్క మాటతో మీ మీద గౌరవం పెరుగుతుంది. అట్లాగే ప్రతి మాటకీ అర్థం రాసుకోండి. తమిళ పిల్లలు కష్టపడి తెలుగు అర్థం నేర్చుకుని పాడుతుంటే తెలుగు పుట్టుక పుట్టిన మనం మాటని మధ్యలో విరిచి పాడితే వినడానికి బాధగా ఉంటుంది.

సమస్య: పొద్దున 9 గంటల స్లాట్, పైస్థాయి అందలేదు

రోజూ సాయంత్రం సాధకం చేసే గొంతు పొద్దున్నే తెరుచుకోదు. మూడు వారాల ముందు నుంచి అదే టైంకి పాడండి, మంద్రస్థాయి (కింది స్థాయి) అకారంతో మొదలుపెట్టి మెల్లగా పైకి. ముందు రోజు రాత్రి రాగిసంగటి, ఊరిబిండి తిని వెంటనే పడుకోవద్దు, కారం, ఆలస్యంగా తినడం కలిసి పులుపు పైకి తన్నితే పొద్దునకి గొంతు బొంగురు పోతుంది. మంచి నీళ్ళు ముందు రోజంతా తాగాలి, పాడే ముందు గ్లాసుడు తాగితే లాభం లేదు. చివరి వారంలో శృతి మాత్రం మార్చొద్దు, ఐదున్నర శృతికి అలవాటైన గొంతుని ఐదు శృతికి దించినా తికమక పడుతుంది.

మొక్కు గురించి కూడా చెప్పాలి. రెండేళ్ళ కింద మా అమ్మాయి ఒకతి ఆడిషన్ ముందు రోజు అలిపిరి నుంచి నడిచి కొండెక్కింది, 3550 మెట్లు, దారంతా గోవింద నామాలు గట్టిగా చెప్తూ. పొద్దున వచ్చి కూర్చుంటే పిక్కలు వణుకుతున్నాయి, ఊపిరి సగం లైన్‌కే అయిపోతోంది, "గోవిందా" అని అరిచిన గొంతు గరగరమంటోంది. భక్తి మంచిదే తల్లీ, స్వామి ఎక్కడికీ పోడు, ఆడిషన్ అయ్యాక ఎక్కండి.

సమస్య: వీణ, వయొలిన్ శృతి హాల్లో నిలబడటం లేదు

ఎండలో నుంచి ఏసీలోకి తెచ్చిన వెంటనే తీగలు బిగుసుకుని శృతి మారుతుంది, పొడి గాలికి వయొలిన్ బిరడాలు (తీగలు బిగించేవి) జారుతాయి. అరగంట ముందే వెళ్ళి పెట్టె తెరిచి పెట్టండి. కొత్త తీగలు ముందు రోజు వేయొద్దు, సాగి కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. వీణని మే నెలలో కారు డిక్కీలో పెట్టొద్దు, వీణ మెట్ల (తీగ నొక్కే పట్టీల) కింద మైనం మెత్తబడి మెట్లు కదిలితే అప్పటికప్పుడు ఎవరూ బాగు చేయలేరు.

సమస్య: ఆన్‌లైన్ రౌండ్‌లో తంబూర వినపడటం లేదన్నారు

వీడియో కాల్ యాప్‌లు ఆగకుండా ఒకేలా మోగే శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని తీసేస్తాయి, తంబూర కూడా వాటికి అంతే. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ ఉంది, ఆన్ చేయండి. రికార్డ్ చేసి పంపేదైతే ఫోన్ నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి, వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే క్వాలిటీ తగ్గిపోతుంది.

సమస్య: మధ్యలో ఆపేశారు

పల్లవి అవ్వగానే "చాలమ్మా, చరణం పాడు" అంటే పిల్లల మొహం మాడిపోతుంది, నచ్చలేదేమో అని. అట్లా ఏమీ లేదబ్బా, బయట ఇంకా చాలామంది వెయిట్ చేస్తుంటారు, వాళ్ళకి వినాల్సింది దొరికింది, ఇంకోటి వినాలనుకుంటున్నారు. అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఎప్పుడూ పల్లవి నుంచే పాడిన వాళ్ళకి చరణం నేరుగా ఎత్తుకోవడం రాదు, లోలోపల పల్లవి మొత్తం పాడుకుంటే తప్ప స్వరం తోచదు. మా ఇంట్లో చీటీలు వేస్తాం. పల్లవి, అనుపల్లవి, చరణం, చిట్టస్వరం, ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాసి గిన్నెలో వేసి, ఏది వస్తే అక్కడి నుంచి పాడాలి, మధ్యలో నేను చప్పట్లు కొడితే ఆపి ఇంకో చీటీ తీయాలి. మొదటి రోజు గందరగోళంగా ఉంటుంది, పదో రోజుకి పిల్లలే గిన్నె తెచ్చి పెడతారు.