యాభై ప్లేట్ల పాస్తా: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

నలుగురికి పాస్తా బాగా చేసేవాళ్లు యాభై మందికి చేయడమంటే కొలతలు పెంచుకుంటే సరిపోతుందని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నాలుగు ప్లేట్లు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు కానీ యాభై ప్లేట్లు ఒక్కరే పెడితే అరగంట పైనే పడుతుంది, ఈలోపు మొదట పెట్టిన ప్లేటు చల్లారిపోయి, సాస్ అంతా పీల్చేసుకుని, మీద వేసిన బేసిల్ ఆకు నల్లబడి, ఎవరో నిన్న వదిలేసిన ప్లేటులా కనిపిస్తుంది. మొదటిసారి నాకు సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు తప్పు గార్నిష్‌ది అనుకుని ఇంకో గుప్పెడు ఆకులు చల్లాను. అసలు తేడా చాలావరకు గిన్నెలోనే వచ్చిందని, మిగిలింది టైమింగ్‌లో వచ్చిందని తర్వాత అర్థమైంది. అందుకే ప్లేటు మీద ఏం కనిపిస్తోందో అక్కడ మొదలుపెట్టి, వెనక్కి వెళ్తూ చెప్తాను.

పాస్తా ముద్దకట్టింది, గరిటె పెడితే ఉండంతా లేస్తోంది

ఉడికిన పాస్తా పైన గంజి పూతలా ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపు జారుతూ ఉంటుంది, చల్లారే కొద్దీ అదే జిగురవుతుంది. నీళ్లు వంచేసి చిల్లుల గిన్నెలో అలాగే పది నిమిషాలు వదిలేస్తే ఇక ముద్ద కాక ఏమవుతుంది! రెండో కారణం, చిన్న గిన్నెలో ఎక్కువ పాస్తా కుక్కేయడం. 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు అన్నది పాత ఇటాలియన్ లెక్క. మనిషికి 80 గ్రాముల ఎండు పాస్తా అనుకున్నా యాభై మందికి 4 కిలోలు, అంటే 40 లీటర్ల నీళ్లు. అంత గిన్నె, దాన్ని మరిగించేంత మంట మామూలు వంటగదిలో ఉండవు కాబట్టి కిలో చొప్పున నాలుగు వాయిలుగా ఉడికించుకోండి. అవే నీళ్లు వాడుతుంటే మూడో వాయికల్లా బాగా చిక్కబడతాయి, మధ్యలో కొంత తీసేసి మళ్లీ నీళ్లు, ఉప్పు కలపాలి. ఉడికే నీళ్లలో నూనె వేస్తే అంటుకోదని చాలామంది చెప్తారు, ఆ నూనె పైన తేలుతుంది తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఎక్కువ మందికి చేసేటప్పుడు బాగా పనికొచ్చే పద్ధతి ఇది. ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందే, లోపల పలుకు ఉండగానే వార్చేసి, వెడల్పాటి ట్రేల్లో పలచగా పరిచి, కొంచెం నూనె చిలకరించి చేత్తో కలపండి. కడగొద్దు. కడిగితే గంజి పోయి తర్వాత సాస్ పట్టదు. వడ్డించే ముందు జాలీ గరిటెతో కొంచెం కొంచెంగా మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి తీసి నేరుగా సాస్‌లోకి వేయాలి, మిగిలిన ఉడుకు సాస్‌లో పూర్తవుతుంది. ఇప్పటికే ముద్దకట్టేసి ఉంటే ఫోర్కుతో పీకొద్దు, ముక్కలైపోతుంది. ఆ ముద్దనే మరిగే నీళ్లలో వేస్తే దానంతటదే విడిపోతుంది.

పాస్తా రకం ఎంచుకునే అవకాశం ఉంటే పెన్నే, రిగటోని, ఫుసిల్లి లాంటి పొట్టివి తీసుకోండి. స్పగెట్టి అందంగానే ఉంటుంది, కానీ ఒక్కో ప్లేటుకి చుట్టి పెట్టాలి. అంతకన్నా సన్నటి ఏంజెల్ హెయిర్ జోలికి వెళ్లకండి, అది పది మందికి కూడా ఆగదు.

ప్లేటు అడుగున నీళ్లు ఊరుతున్నాయి

చూడ్డానికి ఇంతకంటే చిరాకైనది లేదు. తెల్లటి ప్లేటు, మధ్యలో పాస్తా, చుట్టూ ఎర్రటి నీటి వలయం. పాస్తా సరిగ్గా వార్చకపోవడం ఒక కారణం, టమాటా సాస్ పూర్తిగా దగ్గరపడకపోవడం ఇంకోటి. కానీ ఎక్కువగా జరిగేది ఏంటంటే, ఉత్త పాస్తా ప్లేట్లో పెట్టి పైన గరిటెడు సాస్ పోయడం. అలా పోస్తే సాస్‌లో నూనె, నీళ్లు విడిపోయి కిందికి జారతాయి. పాస్తా, సాస్ రెండూ వెడల్పాటి పాన్‌లో వేసి, పాస్తా ఉడికించిన గంజి ఒక గరిటె పోసి, పెద్ద మంట మీద ఒకటి రెండు నిమిషాలు తిప్పండి. గంజిలోని పిండి నూనెనీ నీళ్లనీ కలిపి పట్టి ఉంచుతుంది, సాస్ నిగనిగలాడుతూ పాస్తాని అంటుకుంటుంది. గరిటెతో పాన్ అడుగున ఒక గీత గీయండి, ఆ దారి ఒక్క క్షణం నిలిచి తర్వాత మూసుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఇప్పటికే ప్లేట్లలో పెట్టేశాక నీళ్లు కనిపిస్తే టిష్యూ మడిచి అంచున ఆనించండి, పీల్చేస్తుంది. మిగతా ప్లేట్లకి జాలీ గరిటె వాడండి.

ఎండిపోయి పిడచకట్టింది

పైదానికి సరిగ్గా ఉల్టా. పొయ్యి ఆపేసినా పాస్తా తడి పీల్చుకుంటూనే ఉంటుంది. పాన్‌లో సరిగ్గా ఉన్న సాస్ పది నిమిషాల తర్వాత టేబుల్ మీద తక్కువైపోతుంది, కాబట్టి పాన్‌లో ఉన్నప్పుడే "కాస్త పలచగా ఉందేమో" అనిపించేలా దించాలి. సాస్ మొత్తం కలిపేయకుండా ఐదో వంతు పక్కన పెట్టుకోండి. గంజి ఒక ఫ్లాస్కులో పోసి మూత పెట్టుకోండి, ఇది చాలా చిన్న పని, కానీ వడ్డన మధ్యలో నన్ను ఎన్నిసార్లు గట్టెక్కించిందో. చన్నీళ్లు మాత్రం పోయొద్దు, ప్లేటు చల్లారుతుంది, రుచీ పలచబడుతుంది.

క్రీమ్ సాస్ చల్లారితే ఇంకా గట్టిపడుతుంది, దానికి గంజి మరికొంచెం ఎక్కువ పడుతుంది. చీజ్ సాస్ రవ్వరవ్వగా విరిగిందంటే మంట ఎక్కువైందని అర్థం, వేడికి చీజ్‌లోని ప్రోటీన్ బిగుసుకుపోయి నూనె బయటికి వస్తుంది. చీజ్ ఎప్పుడూ పొయ్యి దించాకే కలపండి. గుడ్డు పచ్చసొనతో చేసే కార్బొనారా యాభై మందికి పెడదామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. ఆరుగురికి చేసినప్పుడే సొన ఎప్పుడు గట్టిపడుతుందో తెలీక టెన్షన్.

టేబుల్ దాకా వెళ్లేసరికి చల్లారింది

గార్నిష్ ఎంత బాగున్నా చల్లారిన పాస్తాని అది కాపాడలేదు. చల్లటి పింగాణీ ప్లేటు పాస్తాలోని వేడిని చాలా త్వరగా లాగేస్తుంది. అవెన్ ఉంటే ప్లేట్లని 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్‌లో పది పదిహేను నిమిషాలు ఉంచండి, అవి అవెన్‌లో పెట్టదగ్గవో కాదో ముందే చూసుకోండి. లేకపోతే వేడినీళ్లలో ముంచి పొడిగుడ్డతో తుడవండి. తడి మిగిలితే మళ్లీ నీటి వలయం గోల. చదును ప్లేట్ల కంటే లోతు తక్కువ ఉన్న వెడల్పాటి బౌల్స్ వేడిని ఎక్కువసేపు నిలుపుతాయి.

అసలు మందు మాత్రం మనుషుల్ని వరుసగా నిలబెట్టడం. ఒకరు పాస్తా పెట్టాలి, పక్కనున్నవాళ్లు సాస్, చీజ్, మూడోవాళ్లు అంచు తుడవాలి, చివర నిలబడ్డవాళ్లు గార్నిష్ వేసి పంపాలి. ఎవరూ తమ చోటు వదలకూడదు, ప్లేటే కదలాలి. యాభై ప్లేట్లూ ఒకేసారి పరిచి "అన్నీ అయ్యాక పంపిద్దాం" అనుకోవడం నేను చూసినవాటిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. పది పెట్టండి, పంపండి, మళ్లీ పది. తినేవాళ్లు కూర్చున్నాకే పాస్తాని సాస్‌లో వేయండి. సభలో ఇంకా ఎవరో మాట్లాడుతున్నారంటే పాన్ ముట్టుకోవద్దు.

వేడి విషయంలో రుచి ఒక్కటే కాదు, ఆరోగ్యం కూడా చూసుకోవాలి. వండింది వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల పైన ఉండాలి, అంతకంటే తక్కువలో బయట రెండు గంటలు దాటి ఉంచకూడదు. ముందురోజే ఉడికిస్తే ట్రేల్లో పలచగా పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పాస్తాలో, అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, అందుకని "తర్వాత మరిగిద్దాంలే" అన్నది ఇక్కడ చెల్లదు.

ఒక ప్లేటు నిండుగా, ఇంకో ప్లేటు బోసిగా

కంటితో కొలవడం వల్ల వచ్చేది ఇది. మొదట్లో చెయ్యి ధారాళంగా ఉంటుంది, చివరి ఎనిమిది మందికి గిన్నె గీకాల్సి వస్తుంది. 80 గ్రాముల ఎండు పాస్తా ఉడికాక దాదాపు 180 నుంచి 200 గ్రాములవుతుంది. మొదటి ప్లేటుని తూకం వేసి, అది మీ గరిటెతో ఎన్ని గరిటెలైందో చూసి, ఇక అందరికీ అదే గరిటె, అదే లెక్క. మూడు నాలుగు ప్లేట్లకి సరిపడా అదనంగా ఉంచుకోండి, ఒకటైనా ఎవరి చేతిలోంచో జారుతుంది.

చదునుగా, చప్పగా కనిపిస్తోంది

ప్లేటంతా పరిచేయడం వల్ల. అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలి, మధ్యలో కుప్పగా పెట్టండి. స్పగెట్టి అయితే పొడవాటి ఫోర్కుతో తీసి, లోతు గరిటెలో ఆనించి తిప్పితే గూడులా చుట్టుకుంటుంది, దాన్ని ప్లేట్లోకి జార్చి ఫోర్కు మెల్లగా లాగేయాలి. పుట్టగొడుగులు, రొయ్యలు, టమాటా ముక్కలు బరువుకి ఎప్పుడూ గిన్నె అడుక్కే పోతాయి, చివరి ప్లేట్లకే దక్కుతాయి. ముందే కొన్ని విడిగా తీసి పెట్టుకుని ఒక్కో ప్లేటు మీద రెండు మూడు పెట్టండి. ప్లేటులో ఏముందో పైనే కనిపిస్తుంది, అంతకంటే మంచి గార్నిష్ ఉండదు.

గార్నిష్ పాడైంది

బేసిల్ నల్లబడిందంటే మూడు కారణాలు ఉండొచ్చు: పదును లేని కత్తి, ఫ్రిజ్ చలి, లేదా ముందే వేడి పాస్తా మీద వేసేయడం. ఆకు నలిగితే లోపలి ఎంజైములు గాలి తగిలి నల్లబరుస్తాయి, చలికి కూడా ఆకు దెబ్బతిని అలాగే అవుతుంది. కాడల్ని గ్లాసు నీళ్లలో పెట్టి బయటే ఉంచండి, చిన్న ఆకుల్ని కోయకుండా అలాగే వాడండి. ప్లేటుకి మూడంటే యాభైకి నూట యాభై ఆకులు, అవి పొద్దున్నే తుంచి తడిగుడ్డ కప్పిన డబ్బాలో పెట్టుకోవాలి, వడ్డించేటప్పుడు తుంచుతూ కూర్చుంటే అయినట్టే. పార్స్లీ తరిగాక ఉండలుగా పడుతుంటే అందులో తడి ఉంది, గుడ్డలో మూటకట్టి పిండేస్తే ఇసుకలా రాలుతుంది.

చీజ్ తురుము ముద్దకట్టడానికి కారణం ఆవిరి. వేడి పాన్ పైనే తురిమితే తురుముపీటకే అంటుకుంటుంది. ముందే తురిమి ట్రేలో పలచగా పరిచి ఉంచండి. ప్యాకెట్లో వచ్చే తురుముకి అంటుకోకుండా పొడి కలుపుతారు, పైన చల్లడానికి ఫరవాలేదు, సాస్‌లో నున్నగా కరగదు. ఇంకో మాట, అసలైన పార్మిజానో రెజానో చీజ్‌ని దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తో (పాలని గడ్డకట్టించే పదార్థం) చేస్తారు. తినేవాళ్లలో శాకాహారులుంటే ప్యాకెట్ మీద చదివి వేరేది కొనండి, అందరి మీదా చల్లేశాక తెలిస్తే చేసేదేం లేదు. పైన్ నట్స్, వాల్‌నట్స్ కూడా అంతే, ఎవరికి పడదో ముందే అడిగి, అడిగినవాళ్లకే వేయండి.

వేయించిన బ్రెడ్ పొడి మెత్తబడిందంటే వేడి మీదే డబ్బాలో మూత పెట్టారన్నమాట. పూర్తిగా ఆరనివ్వండి, మరీ చివర్లో చల్లండి. ఆలివ్ నూనె చెంచాతో పోస్తే ఒకచోట మడుగు కడుతుంది, సన్నటి ముక్కున్న ప్లాస్టిక్ సీసా వాడండి. రోజ్‌మేరీ కొమ్మ నిలువుగా గుచ్చడం మానేయండి, దాన్ని పక్కన పెట్టడానికి తినేవాళ్లు చోటు వెతుక్కోవాలి.

ఇరవై ప్లేట్లకే గార్నిష్ అయిపోతుంటే, ముందే ఐదు గిన్నెలుగా పంచుకోండి, గిన్నెకి పది ప్లేట్లు. ఆరో ప్లేటుకి గిన్నె సగం కంటే బాగా తగ్గిందంటే చెయ్యి తగ్గించాలని అక్కడే తెలిసిపోతుంది.

అంచు మీద మరకలు

తడిపి పిండిన గుడ్డలో కొంచెం వెనిగర్, ఒకవైపుకే ఒక్క తుడుపు. నూనె జిడ్డు కూడా పోతుంది. తుడిచాకే గార్నిష్.

బఫేలో పెద్ద ట్రే పెడితే అందం పది నిమిషాలే

మొదటివాళ్లు గరిటె పెట్టగానే మీ డిజైన్ పోతుంది, మూత మీద చేరిన ఆవిరి చుక్కలు కారి ఆకులు ఉడికిపోతాయి. పెద్ద ట్రే ఒకటి కాకుండా చిన్నవి తీసుకుని, సగానికి పైగా అయిపోగానే కొత్తది పెట్టండి, పాతదాంట్లోనే మళ్లీ నింపొద్దు. ఆకులు, చీజ్, బ్రెడ్ పొడి, మిరప తునకలు పక్కనే చిన్న గిన్నెల్లో చెంచాలతో పెట్టేస్తే ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు. ట్రే మధ్యలో మాత్రం ఒక గుప్పెడు పచ్చటి ఆకులు వేయండి, కొత్త ట్రే వచ్చిందని దూరం నుంచే తెలుస్తుంది.