పాత మిలిటరీ బాకు కొనే ముందు

బరంపురంలో పాత సామాన్ల కొట్లో జర్మన్ లాంఛనపు బాకు కనబడగానే డబ్బులు తీసెయ్యకండి.

• టేపు వెంట ఉంచుకోండి. అలుగు (పదునుండే లోహపు భాగం) 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటితే 2016 ఆయుధాల నిబంధనల జాబితాలోకి వస్తుంది. లైసెన్సు కావాలా అన్నది ఆ ప్రాంతంలో ప్రభుత్వ నోటిఫికేషన్ ఉందా లేదా అన్నదాన్నిబట్టి. పర్లాకిమిడిలో కొని పాతపట్నం తెస్తే రాష్ట్రమే మారిపోతుంది, రెండు వైపులా స్టేషన్లో అడగండి.

• పిడి ఏనుగు దంతమని అమ్మేవాడే గొప్పగా చెబితే అక్కడే వదిలెయ్యండి. 1972 వన్యప్రాణి చట్టంతో టెన్షన్ మనకెందుకు?

• కత్తులకు పేరుపడ్డ జర్మన్ ఊరు జోలింగెన్ ముద్ర ఉన్నంత మాత్రాన అసలుది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విడిభాగాలు జోడించి చేసినవి బోలెడు. పిడికీ గార్డుకీ (పిడి, అలుగుల మధ్య అడ్డుపట్టీ) మధ్య సందు భూతద్దంతో చూడండి. నేను మోసపోయిన దాని పిడి మీది ‘పాత’ పసుపు రంగు తడిగుడ్డకి అంటుకుని వచ్చేసింది. వాసన చూస్తే టీ డికాక్షన్!

• నూరేళ్లు దాటినది పురావస్తువు, విదేశాలకు పంపలేరు.

• అలుగును వట్టి చేత్తో ముట్టొద్దు, వేలిముద్ర ఉన్నచోటే తుప్పు పడుతుంది. తోలు ఒరలో పెట్టి ఉంచొద్దు, మన సముద్రపు గాలికి తోలు చెమ్మ పట్టేస్తుంది. తళతళ కోసం పాలిష్ మాత్రం పట్టకండి.