అమ్మ ఉద్యోగాన్ని కూడా రాయండి

అమ్మ పోయిన పదకొండు నెలలకు ఆమె గురించి రాద్దామని కూర్చున్నాను. మొదటి పేజీ నిండా ప్రేమ, సహనం, త్యాగం. చదువుకుంటే ఎవరి అమ్మకైనా సరిపోయేలా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కాల్స్‌ను చేత్తో కలిపే ఆపరేటరుగా పనిచేసిన మనిషి మాత్రం అందులో ఎక్కడా లేదు. రోజుకు ఎనిమిది గంటలు ఆమె ఎవరికీ అమ్మ కాదు. ఆ గంటల గురించి మాకు తెలిసిందల్లా, అప్పుడు ఆమె ఇంట్లో ఉండేది కాదని. ఆ పేజీ చింపేసి రెండేళ్లు తిరిగాక నాకు తెలిసి వచ్చినవి ఇక్కడ చెబుతున్నాను.

ముందు కాగితాలు వెతకండి. నియామక ఉత్తర్వు, బదిలీ ఉత్తర్వులు, గుర్తింపు కార్డు, జీతం చీటీలు, పాత డైరీలు, ఏదీ పారేయకండి. వాటిలోని తేదీలతో ఒక పట్టిక వేయండి. ఒక వరుసలో ఆమె ఉద్యోగం, దాని పక్కనే అదే కాలంలో ఇంట్లో జరిగినవి. నేను ఏడో తరగతి చదివిన సంవత్సరం అమ్మ నాతో చాలా కటువుగా ఉండేదని నాకు పాత మంట. పట్టికలో చూస్తే ఆ ఏడాది వరుసగా ఆరు నెలలు ఆమెకు నైట్ డ్యూటీ. నామీద కోపమని నేను ఇన్నాళ్లూ మోసింది, నిద్ర లేకపోవడం.

తరువాత ఆమెతో పనిచేసినవాళ్లను కలవండి. ఇందులో ఆలస్యం వద్దు, వాళ్లవీ అమ్మ వయసులే. వెళ్లగానే నేను చేసిన తప్పు మీరు చేయకండి. “మా అమ్మ ఎలా ఉండేదండీ?” అని అడిగాను. “దేవతమ్మా” అన్నారు. అంతే, మాట అయిపోయింది. రెండో ఆవిడ దగ్గర తెలివి తెచ్చుకుని, “అమ్మ ఎక్కడ కూర్చునేది?” అని అడిగాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. చేతులు వాటంతట అవే లేచాయి. ఒక చేయి తీగ లాగుతోంది, ఇంకొకటి రంధ్రం వెతికి ప్లగ్గు గుచ్చుతోంది. తరువాత గంటన్నర ఆగలేదు. కళ్లజోడు ఎక్కడ పెట్టిందో ఇల్లంతా వెతుక్కునే మా అమ్మకు అక్కడ వందలాది నంబర్లు నోటికి వచ్చేవట. ఒకసారి బూతులు తిట్టినవాడి ట్రంకాల్‌ను, అంటే వేరే ఊరికి ఆపరేటరు కలపాల్సిన కాల్‌ను, నలభై నిమిషాలు పక్కన పెట్టి, చీటీ మీద ‘లైను దొరకలేదు’ అని రాసిందట. ఇంట్లో ఆ ఒక్క ఏడాది తప్ప ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి!

కాబట్టి గుణాల గురించి అడగకండి. కుర్చీ, కిటికీ, పక్క సీటు, పై అధికారితో పడిన గొడవ, పని ఎగ్గొట్టిన రోజు, వీటి గురించి అడగండి. ఒక ఫోటోనో పనిముట్టో చేతికిస్తే మాట ఇంకా తేలిగ్గా కదులుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలతో మొదలుపెట్టడం మేలు. నడివయసు దాటినవారికి సుమారు పదేళ్ల వయసు నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగినవి మిగతావాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయి.

ఆమె వృత్తి చరిత్ర కూడా కాస్త చదవండి. నేను చదివితే తేలిందేమిటంటే, మొదట్లో ఈ పనికి మగపిల్లలను పెట్టుకునేవారు. వాళ్ల దురుసుతనం పడలేక 1878 సెప్టెంబరులో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతిని తీసుకున్నారు. ఆపరేటరుగా పనిచేసిన మొదటి మహిళ ఆమే. 1891లో ఆల్మన్ స్ట్రౌజర్ ఆపరేటరు అవసరం లేని స్విచ్చికి పేటెంటు పొందాడు. అమ్మ పనికి మంగళం పాడే యంత్రం ఆమె పుట్టకముందే తయారై కూర్చుందన్నమాట! ఇలాంటివి రాతలో రెండు వాక్యాలు చాలు. మోతాదు మించితే అమ్మ పక్కకు పోతుంది.

ఇక గొంతు. గొంతుతోనే సంసారం నడిపిన మనిషిది మా దగ్గర మిగిలింది నలభై సెకన్లు. ఫోనులో వదిలిన సందేశం, అదీ గేటు వేశారా అని. మీ అమ్మ ఉన్నారా? అయితే ఇది చదవడం ఆపి ముందు ఆమె గొంతు రికార్డు చేయండి. ఫ్యాను కట్టేసి, ఫోనును మడత పెట్టిన గుడ్డ మీద ఉంచి, మొదట తేదీ, పేరు చెప్పి మొదలుపెట్టండి. గంటకు మించి కూర్చోబెట్టకండి. పాత క్యాసెట్టు దొరికితే వినే ముందు దాని పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, ఇక దాని మీద పొరపాటున మరొకటి రికార్డు కాదు. టేపుకు బూజు కనిపిస్తే అసలు తిప్పకండి, తెలిసినవారికి ఇవ్వండి.

ఫోటోల వెనక బాల్‌పెన్నుతో రాయకండి. మెత్తని పెన్సిలుతో అంచున తేలిగ్గా రాస్తే చాలు. లామినేషన్ వద్దు. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కున్నవాటిని పీకకుండా పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని కిందుగా పోనిచ్చి లేపాలి. చిన్న ఫోటోలను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేయండి. మూడు ప్రతులు తీసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. అన్నీ ఒకే ఇంట్లో పెట్టి నిశ్చింతగా నిద్రపోయేవారిని చూస్తే నాకు భయం.

రాసేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ‘త్యాగం’ అని రాయాలనిపించిన ప్రతిచోటా గడియారం చూశాను. ‘మా కోసం ఎంతో కష్టపడింది’ అన్న వాక్యం కొట్టేసి ఇలా రాశాను: ‘ఉదయం ఏడింటికి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే నాకు జడ వేసి, నేను బడికి వెళ్లాక పడుకునేది. పదకొండింటికి మళ్లీ లేచేది.’ తలలో కనిపించే గాడి గురించి కూడా రాశాను. మేము పాపిడి అనుకునేవాళ్లం, అది హెడ్‌సెట్ పట్టీ నొక్కి నొక్కి పడిన గుర్తు. నచ్చని సంగతులూ ఉంచండి. మా చెల్లి స్కూలు వేడుక ఒక్కదానికీ అమ్మ రాలేదు. చెల్లి ఆ మాట తీయనివ్వలేదు, అదే సరైనది.

అచ్చుకు ఇచ్చే ముందు ఆమెతో పనిచేసినవారు ఒకరైనా చదవాలి. నేను ఆ రెండో ఆవిడకే ఇచ్చాను. వారం తరువాత కాగితాలు తిరిగి వచ్చాయి. పొగిడిన చోట్ల ఒక్క గీత కూడా లేదు. మూడో పేజీలో ‘నాలుగో సీటు’ అని ఉన్నచోట మాత్రం పెన్సిలుతో కొట్టేసి, పైన రాశారు: ‘ఏడు. నాలుగు నాది.’