బీరువాలోని పాత శాంపిల్స్‌కి రికార్డు ఎలా తయారు చేయాలి

డిపార్ట్‌మెంట్ బీరువా తెరవగానే తుడవడం మొదలెట్టకండి, ముందు ఫోటోలు తీయండి, ఏది దేని పక్కన ఉందో అదే సగం సమాచారం. పాత చీటీ చిరిగినా పారేయొద్దు ప్లీజ్, మొన్న ఒక ఖోండలైట్ (మన తూర్పు కనుమల్లో దొరికే రూపాంతర శిల) రాయి కింద పసుపెక్కిన చీటీ, పెన్సిల్‌తో "కైలాసగిరి" అని, అది లేకపోతే ఆ గార్నెట్ చుక్కల రాయి ఎక్కడిదో తేలేదే కాదు. శాంపిల్‌కి ఇచ్చే నంబర్ నేరుగా వస్తువు మీద రాయకండి, పారలాయిడ్ బి-72 (మ్యూజియంలలో వాడే పారదర్శక యాక్రిలిక్ రెసిన్) పూత వేసి ఆరాక సన్న నిబ్బుతో రాసి పైన ఇంకో పూత, అవసరమైతే అసిటోన్‌తో తీసేయొచ్చు. పొడి రాలేవాటికి మాత్రం చీటీ కట్టండి చాలు. అదే నంబర్ రిజిస్టర్‌లోనూ ఎక్కించాలి. మన వైజాగ్ ఉప్పుగాలికి ఇనుము, రాగి తొందరగా పాడైపోతాయి, గట్టిగా మూతపడే డబ్బాలో, తేమ పీల్చి రంగు మారే రకం సిలికా జెల్ పెట్టి, రంగు మారగానే మార్చండి. తర్వాత ఏ శాంపిల్ ఎక్కడిదో తెలుసుకోడానికి పాత ఫీల్డ్ నోట్‌బుక్కులు, థీసిస్‌లు తిరగేయండి.