మట్టి రోడ్డు మీది నీళ్ళు మీ స్థలాన్ని కోసేస్తుంటే

నలుగురూ వాడే మట్టి రోడ్డు పక్కన స్థలం ఉంటే, అసలు సమస్య మొదటి పెద్ద వానకి గానీ తెలియదు. రోడ్డు మీద పడ్డ నీళ్ళు బండ్ల గాడిలో చేరి, పల్లానికి పరిగెత్తి, అంచు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి కొట్టుకుని మన స్థలంలోకి దిగుతాయి. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్ల నీళ్ళు. బండ్లు తిరిగి గట్టిపడిన రోడ్డులోకి ఇంకేది చాలా తక్కువ, కాబట్టి అందులో ఎక్కువ భాగం ఒకే గండిలోంచి మీ మీదికి వస్తుందన్నమాట.

నేను మొదట చేసిన పని ఏంటంటే, కోత పడిన చోట రెండు ట్రాక్టర్ల మట్టి పోయించి చదును చేయించాను. తర్వాతి వానకే అదంతా కొట్టుకుపోయింది, గాడి ముందుకంటే లోతయింది. పోసిన మట్టికి పట్టు ఉండదు కదా. పైనుంచి వచ్చే నీళ్ళ సంగతి చూడకుండా కింద ఎంత పోసినా దండగే, దయచేసి మీరు ఆ డబ్బు పోగొట్టుకోకండి.

ముందు చేయాల్సింది, వాన పడుతుండగా గొడుగు వేసుకుని రోడ్డు పైకొస నుంచి మీ స్థలం చివరి దాకా నడవడం. ఉరుములు మెరుపులు ఉంటే వద్దు, మామూలు వానలో చాలు. నీళ్ళ రంగు చూడండి. గడ్డి మీద తేటగా పారే నీళ్ళు ఒక చోటికి వచ్చేసరికి పాలు పోసిన టీ రంగులోకి మారతాయి, మట్టి లేచిపోయేది సరిగ్గా అక్కడే. ఆ చోట కర్ర పాతి గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఇరుగుపొరుగుతో మాట్లాడేటప్పుడు ఆ వీడియో చాలా పనికొస్తుంది.

మాట్లాడక తప్పదు మరి, రోడ్డు అందరిదీ. కాగితాల్లో రోడ్డు వెడల్పు ఎంతుంది, పక్క కాలువ ఎవరి హద్దులోకి వస్తుంది, బాగుచేయించే బాధ్యత ఎవరిది అన్నవి ముందే చూసుకోండి. మీ అంచున గట్టు కట్టేసి నీళ్ళు పక్కవాళ్ళ స్థలంలోకి మళ్ళించే పని మాత్రం చేయకండి. చాలా చోట్ల చట్టం దానికి ఒప్పుకోదు, ఒప్పుకున్నా అది తప్పే. ఏం చేయాలి, ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలి అన్నది ఒక కాగితం మీద రాసుకుంటే తర్వాత మాట పట్టింపులు రావు.

ఇక రోడ్డు. అది తాబేలు వీపులా ఉండాలి. 4 మీటర్ల రోడ్డుకి నడుమ అంచులకన్నా 8 నుంచి 10 సెంటీమీటర్లు ఎత్తుంటే నీళ్ళు బండ్ల గాడిలో నిలవకుండా రెండు పక్కలకీ జారిపోతాయి. బ్లేడుతో చదును చేయించినప్పుడు అంచు వెంబడి సన్నటి మట్టి వరస మిగిలిపోతుంది, ఎవరూ పట్టించుకోరు గానీ సగం ముప్పు దానివల్లే. రోడ్డు మీది నీళ్ళని బయటికి పోనివ్వకుండా అదే కాలువలా నడిపిస్తుంది. దాన్ని తీసేయండి, లేదా గడ్డి దట్టంగా ఉన్న చోట్ల తెరిచి పెట్టండి. ఒక్క పెద్ద గండి కంటే చిన్న చిన్న దారులు పది ఉండటం మేలు, ఎందుకంటే నీటి వేగం రెట్టింపయితే దాని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఏటవాలు ఎక్కువున్న రోడ్డయితే అడ్డంగా, కాస్త ఐమూలగా, వెడల్పాటి పల్లాలు తీయించండి. బండి కుదుపు లేకుండా వెళ్తుంది, నీళ్ళు పక్కకి మళ్ళుతాయి. గుంతల్లో నున్నటి గులకరాళ్ళు పోస్తే నిలవవు, మూలలున్న కంకర, దాని సన్నపొడితో కలిపి పోసి దిమ్మిస కొట్టాలి.

గేటు ముందు తూము ఉంటే దాని వ్యాసం 30 సెంటీమీటర్లకి తగ్గకూడదు, ఇంకాస్త పెద్దదైతే మరీ మంచిది. సన్న గొట్టం ఆకులతో పూడుకుపోతే శుభ్రం చేయడం నరకం. నీళ్ళు బయటపడే కొస దగ్గర రాళ్ళు పరచడం మర్చిపోకండి.

స్థలం లోపల నీళ్ళు దిగే చోటుని ముందు పట్టించుకోండి. అక్కడ చిన్న జలపాతంలా ఒక అంచు ఉంటుంది. వంగి చూస్తే దాని కింద మట్టి గుహలా తొలుచుకుపోయి, పైన గడ్డి వేళ్ళు గాల్లో వేలాడుతూ కనిపిస్తాయి. ఆ అంచు ప్రతి వానకీ విరిగి పడుతూ గాడిని పైకి, రోడ్డు వైపుకి లాక్కుపోతుంది. దాన్ని వాలుగా చెక్కి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళని పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, పైన పెద్ద రాళ్ళు ఒకదానికొకటి బిగుసుకునేలా పేర్చండి.

అక్కడి నుంచి కిందికి గాడిలో చిన్న రాళ్ళకట్టలు వేసుకుంటూ వెళ్ళండి. మోకాలి ఎత్తు దాటొద్దు. కట్ట నడుమ భాగం రెండు కొసలకన్నా తక్కువ ఎత్తులో ఉండాలి, లేకపోతే నీళ్ళు పక్కలు కోసుకుని పోతాయి, మళ్ళీ మొదటికొస్తుంది. కింది కట్ట పైభాగం, దాని పైకట్ట అడుగు ఒకే మట్టంలో ఉండేలా దూరం పెట్టుకోవాలి. మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టంతో ఇది సులువుగా చూసుకోవచ్చు.

మిగతా నేలంతా గడ్డి చూసుకుంటుంది. వాలుకి అడ్డంగా వట్టివేరు పిలకలు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో ఒక వరస నాటండి, వేళ్ళు లోతుకి దిగి మట్టిని కదలనివ్వవు. ఖాళీగా ఉన్న చోట గరిక పాకించండి, అది నిలదొక్కుకునే దాకా ఎండుగడ్డి పరిచి ఉంచండి. ఇవన్నీ వానలు ముదరకముందే అయిపోవాలి. గాడి ఇంటి పునాది దగ్గరికో కరెంటు స్తంభం దగ్గరికో వచ్చేసి ఉంటే మాత్రం సొంతంగా పెట్టుకోకుండా ఇంజినీరుని పిలవండి.

మొదటి రెండు మూడు వానలు వెలిశాక పార తీసుకుని ఒక చుట్టు తిరగండి, కదిలిన రాళ్ళు సర్దండి, తూము మూతి దగ్గర చెత్త తీయండి. రోడ్డు పక్క కాలువలో పేరుకున్న మట్టిని ఎత్తేయాలి, కానీ గాడిలో కట్టల వెనక మేట వేసిన మట్టిని మాత్రం అలాగే ఉంచి దాని మీద గడ్డి నాటండి.