పిల్లలతో ఇంట్లో ప్లే థెరపీ పద్ధతిలో ఆడటం ఎలా?

నాలుగేళ్ల పిల్లకి మనసు బాగోకపోతే వచ్చి చెప్పుకోదు, బొమ్మని నేలకేసి కొడుతుంది. ఆట ద్వారా పిల్లలకు చేసే మానసిక చికిత్స అయిన ప్లే థెరపీ ఆ ఆటనే మాటగా వింటుంది. ఆ వినడమేదో తల్లిదండ్రులకే నేర్పితే సరి అని అమెరికాలో బెర్నార్డ్, లూయీస్ గెర్నీ దంపతులు 1960లలో ఒక పద్ధతి తయారుచేశారు. తర్వాత ప్లే థెరపీ నిపుణుడు గ్యారీ లాండ్రెత్ దాన్ని పది తరగతుల శిక్షణగా మలిచారు. అందులో ఇంటికి సంబంధించిన భాగం వారానికొకసారి, 30 నిమిషాల ఆట. సుమారు 3 నుంచి 10 ఏళ్ల పిల్లలకు పనికొస్తుంది.

1. సమయం, చోటు ఖాయం చేయండి

ప్రతివారం అదే రోజు, అదే సమయం. ఒక పిల్ల, ఒక పెద్ద, అంతే. ఇంకో పిల్లాడుంటే వాడిని ఆ అరగంట నాయనమ్మకో, పక్కింటివాళ్లకో అప్పజెప్పండి. వేరే గది లేకపోయినా ఫర్వాలేదు, ఒక చాప పరిస్తే అదే హద్దు. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. పొయ్యి మీద కుక్కర్ పెట్టి కూర్చోకండి, మూడో విజిల్‌కి లేచారంటే ఆట తెగిపోతుంది.

2. ఒక సంచి నిండా బొమ్మలు

ఖరీదైనవి అక్కర్లేదు, మూడు రకాలూ ఉంటే చాలు.

- ఇంటి ఆటకి: చంటిపాప బొమ్మ, పాలసీసా, లక్కపిడతలు, డాక్టర్ సెట్టు, అమ్మ, నాన్న, పిల్లలుగా పనికొచ్చే చిన్న బొమ్మలు
- కోపం తీర్చుకోవడానికి: ప్లాస్టిక్ పులి, సైనికులు, తాడు, ఒక దిండు
- చేతిపనికి: క్రేయాన్లు, తెల్లకాగితాలు, పిండిముద్ద

పిండిముద్దకి ఒక కప్పు మైదా, అర కప్పు ఉప్పు, ఒక చెంచా నూనె తీసుకుని, అర కప్పుకి కాస్త తక్కువ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలపండి. రంగు కోసం పసుపు మాత్రం వేయకండి. చాపకి మరక పడగానే ముందు కోపమొచ్చేది మీకే.

బ్యాటరీతో అరిచే బొమ్మలు, వీడియో గేములు, గెలుపోటముల ఆటలు వద్దు. ఈ సంచి మిగతా రోజుల్లో అటక మీదే ఉండాలి. రోజూ చేతికి దొరికితే ఆ అరగంటకి ప్రత్యేకత పోతుంది.

3. మొదలుపెట్టే మాట

“ఇది మన ఆట టైమ్. ఈ బొమ్మలతో చాలావరకు నీకు నచ్చినట్టు ఆడుకోవచ్చు.” ఆ “చాలావరకు” మర్చిపోవద్దు. “ఏమైనా చేసుకో” అనేసి, గోడ మీద గీతలు పడగానే అరిస్తే మాట తప్పింది మీరే అవుతారు.

4. అడగకండి, చూసింది చెప్పండి

ఇదే అన్నిటికంటే కష్టం. “ఇదేం రంగు?”, “ఇల్లు అలా వేస్తారా?”, ఆఖరికి “వెరీ గుడ్” కూడా వద్దు. మెచ్చుకోలు మొదలైతే పిల్ల మీకు నచ్చేలా ఆడుతుంది, తనకి కావాల్సింది ఆడదు.

తమ్ముడు పుట్టి మూడు నెలలైన ఐదేళ్ల పాప ఆడుతోందనుకోండి. చంటిబొమ్మని గిన్నెలో కుక్కి మూత పెట్టింది. నోటిదాకా వచ్చేది “అయ్యో, తప్పమ్మా, పాపం కదా!” అన్న మాట. అది అన్నారంటే ఆట ఆగిపోతుంది, కోపం లోపలే ఉండిపోతుంది. దానికి బదులు “దాన్ని లోపల పెట్టి మూతేశావ్” అనండి. పాప మూతని ఇంకా గట్టిగా నొక్కితే “అది బయటికి రాకూడదని ఉంది నీకు.” అక్కడితో ఆగండి. “అది తమ్ముడా?” అని అడగొద్దు. తను పేరు పెట్టనిదానికి మీరూ పెట్టకూడదు. “ఇదేంటమ్మా?” అని తనే అడిగితే “నువ్వేదంటే అది.”

5. హద్దు దాటితే

మూడు మాటలు, ఈ వరసలోనే: “నా మీద కోపమొచ్చింది నీకు. కానీ నేనున్నది కొట్టించుకోవడానికి కాదు. ఆ దిండుని కొట్టొచ్చు.” చాలామంది రెండోదానితో మొదలుపెడతారు, పిల్ల ఇంకా రెచ్చిపోతుంది. మూడుసార్లు చెప్పినా ఆగకపోతే: “మళ్లీ పులితో కొడితే అది ఇవాళ్టికి సంచిలోకి వెళ్లిపోతుంది. కొట్టకపోతే ఆడుకోవచ్చు. ఏదో నువ్వే తేల్చుకో.” అన్నట్టే చేయండి, గొంతు పెంచకుండా.

6. ముగించడం

5 నిమిషాల ముందు ఒకసారి, నిమిషం ముందు ఇంకోసారి చెప్పండి. ఏడ్చినా పొడిగించొద్దు. “ఇంకా ఆడాలని ఉంది నీకు. ఇవాళ్టికి టైమ్ అయిపోయింది” అని లేవండి. బొమ్మలు మీరే సర్దండి, సర్దించడం మొదలుపెడితే అదీ ఒక పనే అవుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది?

మొదట్లో బుద్ధిగా ఆడిన పిల్ల తర్వాతి వారాల్లో ఎగబడొచ్చు. పద్ధతి పనిచేయట్లేదని అప్పుడే మానేసేవాళ్లు ఎక్కువ. నిజానికి మీరు చెప్పిన హద్దు గట్టిదేనా అని తను చూసుకుంటోంది. ఇంకో పొరపాటు, “అన్నం తినలేదు కాబట్టి ఇవాళ ఆట లేదు” అనడం. ఈ అరగంట బహుమతి కాదు, శిక్షా కాదు, జరగాల్సిందే. పిల్ల అరగంటసేపూ పలక్కుండా గీసుకుంటూ కూర్చుంటే మీరూ పక్కన కూర్చోండి, అదీ ఆటే.

ఇల్లు చాలని సందర్భాలున్నాయి. తనను తాను గాయపరచుకోవడం, చచ్చిపోతానని అనడం, వారాల తరబడి నిద్రా తిండీ తప్పడం, వయసుకి మించిన లైంగిక విషయాలు ఆటలో పదేపదే రావడం కనిపిస్తే ఆరా తీయడానికి ఈ ఆటని వాడకండి. పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. మన దేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లపై ఎవరైనా అఘాయిత్యం చేశారనే అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.