పొలంలో వేట: ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు తేల్చుకోవలసినవి

కంకులు పాలు పోసుకునే రోజుల్లోనూ, కోతల రోజుల్లోనూ పంటలోకి దిగే అడవి పందులను, జింకలను కాల్చడానికి చట్టప్రకారం అనుమతి పొందినవారి కోసం ఈ జాగ్రత్తలు. ఏ జాతి, ఏ కాలం, ఏ పొలం, ఏ ఆయుధం అన్నది అనుమతి పత్రమే నిర్ణయిస్తుంది కాబట్టి దాన్ని మరోసారి చదువుకోకుండా మంచె ఎక్కకూడదు. అయితే పత్రం ఒక జాతిని కాల్చవచ్చని చెప్పినా, చీకట్లో ఎదురుగా నిలబడిన గుంపులో ఏ జంతువును కాల్చాలన్నది ఎక్కువగా వేటగాడి వివేకానికే మిగులుతుంది. ఆ వివేకం తప్పితే కొన్ని పిల్లలు ఆకలితో చస్తాయి, లేదా తూటా మనిషికి తగులుతుంది.

పగటి వెలుతురులో పొలమంతా ఒకసారి తిరగాలి. గట్ల మీది బురదలో పెద్ద గిట్టల జాడల పక్కన చిన్న జాడలు కనిపిస్తే పిల్లలున్న గుంపు వస్తోందని అర్థం, ఆ రాత్రి చేయవలసిన ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది. ఏ దిక్కున ఇల్లు, దారి, పశువుల కొట్టం ఉన్నాయో, ఎక్కడ కాపలావాళ్లు పడుకుంటారో చూసుకుని, తూటా పోయి మట్టిలో దిగబడే దిక్కులను మాత్రమే కాల్చదగిన దిక్కులుగా గుర్తు పెట్టుకోవాలి. రైఫిల్ తూటా జంతువు ఒంట్లోంచి దూసుకుపోయి కూడా చాలా దూరం వెళ్లగలదు. మంచె ఎత్తు వల్ల తూటా కిందికి, నేలవైపు పోతుంది గనుక సమతల పొలంలో నేల మీద నిలబడి కాల్చడం కంటే అది మేలు. ఆ రాత్రి కాల్పులు ఉంటాయని పొలం యజమానికి, చుట్టుపక్కల పొలాలవారికి ముందుగానే తెలియజేయాలి.

అడవి పందుల విషయంలో ఎంపిక అన్నిటికంటే కష్టమైనది. గుంపు అంటే ఆడ పందులు, వాటి పిల్లలు. ఎదిగిన మగవి జత కట్టే కాలంలో తప్ప విడిగా తిరుగుతాయి. గర్భం సుమారు 115 రోజులు, ఈతకు సాధారణంగా 4 నుంచి 6 పిల్లలు. పిల్లల ఒంటి మీది లేత చారలు సుమారు 4 నుంచి 6 నెలల వయసుకు మాసిపోతాయి. చారలు కనిపిస్తున్నంత కాలం తల్లి మీద గురి పెట్టకూడదు. తల్లి పడిపోతే పాలు మానని పిల్లలు ఎక్కడో పొదలో ఆకలితో చనిపోతాయి, కాస్త ఎదిగినవి దారి చూపేది లేక చెల్లాచెదురై పక్క పొలాల మీద పడతాయి. కాబట్టి గుంపులో ముందు చిన్నవాటిని, బలహీనమైనవాటిని తీయాలి, ముందు నడిచే పెద్ద ఆడదాన్ని వదిలేయాలి. పంటను కాపాడాలన్న లెక్కలోనూ ఇదే సరైనది, ఎందుకంటే గుంపు సంఖ్య పెరిగేది ఆ ఏడాది పిల్లలతోనే. పైగా బతికిన తల్లి ఆ పొలాన్ని ప్రమాదకరమైన చోటుగా గుర్తుంచుకుని గుంపును మరోవైపు నడిపించే అవకాశం ఉంది.

ఒంటరిగా కనిపించిన ప్రతిదీ మగ పందేనని అనుకోవడం చాలా పెద్ద పొరపాటు. ఈనే ముందు ఆడ పంది గుంపును వదిలి, గడ్డితో గూడు కట్టుకుని, ఈనిన తర్వాత కొద్ది రోజులు పిల్లలను గూట్లోనే ఉంచి ఒంటరిగా మేతకు వస్తుంది. ఇంకో సందర్భంలో పిల్లలు వెనకే వస్తున్నా, ఎత్తయిన పైరులో మునిగిపోయి కనిపించవు. అందువల్ల ఒంటరి జంతువు ఖాళీ నేల మీదికి వచ్చి పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగి, కడుపు కింద నడుమ భాగంలో వెంట్రుకల కుచ్చు ఉందా, చన్నులు సాగి ఉన్నాయా, ముందు భాగం బరువుగా ఉందా, కోరలు కనిపిస్తున్నాయా అని ఒక్కొక్కటే చూసుకోవాలి. ఏ ఒక్క గుర్తూ చాలదు. పెద్ద కోరల మగ పందిని కొట్టాలన్న మోజు చాలామందికి ఉంటుంది. అయితే ఒకే మగ పంది అనేక ఆడవాటితో జత కడుతుంది గనుక, దాన్ని తీయడం వల్ల వచ్చే ఏటి పిల్లల సంఖ్య ఏమంత తగ్గదు. పంట కోసమే మంచె ఎక్కినవారు ఆ మోజును పక్కన పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

జింకల విషయంలోనూ సూత్రం అదే. తల్లి మొదటి వారాల్లో పిల్లను గడ్డిలో దాచి ఒంటరిగా మేస్తుంది, కాబట్టి ఆ కాలంలో ఆడదాన్ని ముట్టుకోకూడదు. పిల్ల తల్లి వెంట తిరిగే దశకు వచ్చాక, తల్లికీ పిల్లకూ అనుమతి ఉంటే ముందు పిల్లను, ఆ తర్వాతే తల్లిని కాల్చాలి. చుక్కల జింకల వంటి జాతుల్లో మగవి ఏటా కొమ్ములు రాల్చి మళ్లీ పెంచుకుంటాయి గనుక కొమ్ములు లేనంత మాత్రాన ఆడది కాదు.

థర్మల్ కెమెరా చేతికి వచ్చాక తొందరపాటు పెరిగింది. అది జంతువు ఉందని చెప్పడానికి అద్భుతమైన సాధనమే గాని, అది ఏ జంతువో తేల్చడానికి దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. వేడిని చూపిస్తుంది తప్ప ఒంటి రంగును గాని చారలను గాని చూపించదు. ఆకులు వేడిని అడ్డుకోవడం వల్ల పైరులో సగం మునిగిన పెద్ద తల్లి పంది చిన్న పిల్లలా కనిపిస్తుంది. దూరం అంచనా కూడా తప్పుతుంది. దూడ, కుక్క, ముడుచుకుని పడుకున్న మనిషి కూడా ఆ తెర మీద తెల్లటి మచ్చలే. తల, కాళ్లు, నడక, మొత్తం ఆకారం స్పష్టంగా తెలిసేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. తెలియకపోతే ఆ రాత్రికి కాల్చకుండా దిగిపోవాలి.

ఎంచుకున్న జంతువు మిగతావాటి నుంచి విడిగా, పక్కకు తిరిగి, కదలకుండా నిలబడినప్పుడే ముందు కాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట కాల్చాలి. వెనక మరో జంతువుంటే ఆగాలి, ఎందుకంటే ఒకే తూటా రెండింటినీ తాకి, రెండోది గాయంతో పారిపోతుంది. నిలువెత్తు పైరులోకి కాల్చకూడదు. కాండాలు తూటా దారి మళ్లించగలవు. తూటా మోగగానే గుంపు పరుగందుకుంటుంది, అప్పుడు ఏది తల్లో ఏది పిల్లో గుర్తుపట్టలేం కనుక పరుగెత్తే గుంపు మీద రెండో తూటా వద్దు.

కోతల రోజు మరింత ప్రమాదకరం. యంత్రం చుట్టూ తిరుగుతూ పైరును తగ్గించే కొద్దీ జంతువులు మధ్యలో మిగిలిన పట్టీలో చేరి, చివరికి ఒక్కసారిగా బయటికి దూకుతాయి. చుట్టూ మనుషులు, యంత్రం ఉంటారు, ఎంపికకు క్షణాలే ఉంటాయి. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ దిక్కున కాల్చకూడదో ముందే ఒప్పుకోని చోట కోత వేటలో పాల్గొనకపోవడమే మంచిది. పంట వైపు గాని, యంత్రం వైపు గాని ఎప్పుడూ కాల్చకూడదు.

కాల్చిన తర్వాత జంతువు నిలబడిన చోటును, పారిపోయిన దిక్కును గుర్తుపెట్టుకుని కనీసం అరగంట మంచె మీదే ఉండాలి. నురుగుతో కూడిన గులాబీ రంగు నెత్తురు ఊపిరితిత్తుల గాయాన్ని సూచిస్తుంది. మేత ముక్కలు, పచ్చటి ద్రవం కనిపిస్తే పేగులకు తగిలిందని గ్రహించి ఇంకా కొన్ని గంటలు ఆగాలి. గాయపడిన అడవి పందిని వెతుక్కుంటూ రాత్రిపూట ఒంటరిగా పైరులోకి వెళ్లకూడదు. తెల్లవారాక, జాడ పట్టగల కుక్కతో, మరో మనిషి తోడుతో వెళ్లాలి.